రిస్పా కావలి: దుఃఖించువారి యొద్ద సంఘము నేర్చుకొనవలసినది
(2 సమూయేలు 21:1–14 పై ఒక పరిశీలన)

మన ప్రసంగములలో రిస్పా సాధారణముగా మాతృప్రేమకో, పట్టుదలగల ప్రార్థనకో మాదిరిగా కనబడును. ఈ రెండు వ్యాఖ్యానములును పాఠ్యభాగమునకు న్యాయము చేయుట లేదు. ఆమె ప్రార్థించినట్లు అక్కడ వ్రాయబడలేదు. ఆమె నోట ఒక్క మాటైనను లేదు. ఉన్నది ఆమె చేసిన పని మాత్రమే.

సందర్భము మనకు తెలిసినదే. మూడు సంవత్సరముల కరవునకు కారణము సౌలు గిబియోనీయులను హతము చేయుటయేనని దావీదు తెలిసికొనెను. వారు కోరిన ప్రకారము సౌలు సంతతివారు ఏడుగురు అప్పగింపబడి, ఉరితీయబడిరి. వారిలో ఇద్దరు రిస్పా కుమారులు. ఆమె బండమీద గోనెపట్ట పరచుకొని, యవలకోత ఆరంభము మొదలు వాన కురియువరకు, పగలు పక్షులను, రాత్రి మృగములను ఆ శవములయొద్దకు రానియ్యలేదు.

1. చేతులలోని దుఃఖము

కొన్నేండ్ల క్రితము, పక్షవాతముతో మంచమున పడిన భర్తకు ఆరేండ్లు సేవచేసిన ఒక సహోదరి ఇంట ఆదరణ కూడిక జరిపితిని. పరలోక నిరీక్షణను గూర్చి ప్రసంగించితిని. తరువాత ఆమె నాతో, "అయ్యగారూ, ఆయన మంచి జాగకే పోయిండు, నాకు ఎరుకే. గని రాత్రి మందుల యాళ్లకు మెలకువ అయితది. గప్పుడు నేనేం జేయాలె?" అనెను. నాయొద్ద జవాబు లేదు. నేను చెప్పిన వాక్యములో తప్పు లేదు. అది ఆమె అడిగిన దానికి జవాబు కాదు, అంతే. ఆ కూడికలో చనిపోయిన సహోదరుని సాక్ష్యమును గంటసేపు జ్ఞాపకము చేసికొంటిమి. ఆమె చేసిన ఆరేండ్ల సేవను ఒక్కరమైనను ప్రస్తావించలేదు.

రిస్పాను నేను తిరిగి చదివినది ఆ తరువాతనే. సేవ చేసిన చేతులు మరణముతో ఆగిపోవు. జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన "ట్రామా అండ్ రికవరీ"లో గాయపడినవారు కోలుకొను మార్గమును మూడు దశలుగా వివరించెను: భద్రత, జ్ఞాపకముతో కూడిన దుఃఖము, తిరిగి సంబంధములలోనికి వచ్చుట. మనము మొదటి రెంటిని దాటించి, మూడవదానికి త్వరపెట్టుచున్నాము.

2. రాజు నేర్చుకొనెను

రిస్పా చేసినది దావీదుకు తెలుపబడెను (11వ వచనము). వెంటనే అతడు సౌలు, యోనాతానుల ఎముకలను యాబేష్గిలాదునుండి తెప్పించెను. ఉరితీయబడినవారి ఎముకలనుకూడ సమకూర్పించెను. సౌలును యోనాతానును కీషు సమాధిలో పాతిపెట్టించెను. దేవుడు దేశము కొరకైన విన్నపమును అంగీకరించెనని గ్రంథకర్త చెప్పుట ఆ తరువాతనే (14వ వచనము). వాన ప్రస్తావన అంతకుముందే 10వ వచనములో ఉన్నది గనుక, ఈ క్రమమును మితిమీరి వాదించరాదు. అయినను ఏడుగురి మరణము వెంటనే ఆ మాట చెప్పబడలేదన్నది స్పష్టము. రాజనీతి ముగించిన అధ్యాయమును దుఃఖించుచున్న ఒక స్త్రీ ముగియనియ్యలేదు.

3. దేవుని చిత్తమా?

2014 జూలై 24న మన మెదక్ జిల్లా మాసాయిపేటలో, కాపలా లేని లెవెల్ క్రాసింగు వద్ద నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ రైలు పాఠశాల బస్సును ఢీకొని డజనుకు పైగా పిల్లలు మరణించిరి. ఇట్టి మరణముల యెదుట "దేవుని చిత్తము" అనుట మనకు అలవాటు. కాపలా లేకపోవుట మనుష్యుల నిర్ణయము. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజి మార్గములలో కాపలా లేని క్రాసింగులన్నియు తొలగింపబడెనని రైల్వేశాఖ ప్రకటించెను. మనుష్యులు తొలగించగలిగిన దానిని దేవునిమీద మోపుట ఆదరణ కాదు. అది బాధితుల ప్రశ్నను మూసివేయుటయే. యోబు స్నేహితులు దేవుని పక్షముననే వాదించిరి, దేవుడే వారిని గద్దించెను (యోబు 42:7).

ముగింపు

ఇందులో ఒక ప్రమాదమున్నది. రిస్పా నోట మాటలు పెట్టరాదు. అట్లే దుఃఖించువారి అనుభవమును వారి అనుమతి లేక ప్రసంగమునకు ఉదాహరణగా వాడరాదు. పైన చెప్పిన సహోదరిని అడిగి, ఆమె సరేననిన పిమ్మటనే ఇది వ్రాసితిని.

సేవకులకు, వేదాంత విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఆదరణ కూడికకు వెళ్లినప్పుడు బైబిలు తెరువకముందు, సేవచేసినవారిని ఆ దినములను గూర్చి చెప్పుమని అడుగుడి. వారు చెప్పనొల్లనియెడల ప్రక్కన కూర్చుండుడి. జనము వెళ్లిపోయిన తరువాత, నెల గడచిన పిమ్మట, మరల ఆ గడప త్రొక్కుడి. మందుల వేళకు ఇంకను మెలకువ వచ్చుచున్నదేమో అప్పుడు తెలియును.