లాంఛనము - వ్యంగ్యము: పునీతురాండ్ర చిత్రములు

ఐరోపా పునరుజ్జీవన యుగపు చిత్రములలో పునీతురాండ్రను వారి చేతనున్న వస్తువులనుబట్టి గుర్తించుట పరిపాటి. చక్రమున్నచో కాథరిన్, పళ్లెములో నేత్రములున్నచో లూసీ, పరిమళద్రవ్యపు భరిణ యున్నచో మగ్దలేనే మరియ. ఆయుధ వాహనములనుబట్టి మన దేవతామూర్తులను గుర్తించుట వంటిదే యిది. కాని గుర్తుపట్టుటతో వ్యాఖ్యానము ముగిసినదనుట సరికాదు. ఆ వస్తువు వాచ్యము మాత్రమే. చిత్రకారుడు దానిని నిలిపిన తీరునందు వ్యంగ్యము కలదు.

ఫ్రాంచెస్కో దెల్ కోస్సా సుమారు 1473-74లో బొలోన్యా నగరమందలి ఒక బలిపీఠమునకై లూసీని చిత్రించెను. ఆమె నేత్రములు పెరికివేయబడినవని ప్రచారమందున్న గాథ. ఈ చిత్రమున పళ్లెము లేదు. ఒక చేత వేదసాక్షి చిహ్నమగు ఖర్జూరపు మట్ట, రెండవ చేత సన్నని కాడకు పూచిన పూవులవలె రెండు కన్నులు. ముఖముననున్న కన్నులో, చెక్కుచెదరలేదు. హింసకు గుర్తైనది ఇచట పుష్పమైనది. లాటిను భాషలో వెలుగును తెలుపు పదముతో ఆమె నామమునకు గల సంబంధమును తలచినచో ఈ కల్పన మరింత సార్థకము.

రాఫేల్ సుమారు 1507లో చిత్రించిన కాథరిన్ నేడు లండను నేషనల్ గ్యాలరీలో నున్నది. ఆమెను చిత్రవధ చేయుటకు సిద్ధపరచిన చక్రము దైవశక్తిచే భగ్నమయ్యెనని గాథ. రాఫేల్ ఆ భంగమును చూపలేదు. ఆమె ఆ చక్రముపైననే చేయి ఆనించి, ఆకాశమునుండి దిగు కాంతివైపు చూచుచున్నది. వధసాధనమే ఊతయైనది. భయము జయింపబడినదని చెప్పుటకు ఇంతకన్న వేరు మాట యేల?

బొలోన్యాలోనున్న రాఫేల్ సిసిలియా చిత్రము ఈ విషయమున మిక్కిలి పరిశీలింపదగినది. ఆర్గను వాద్యమును జూచి ఆమెను సంగీతాధిదేవతగా, మన వీణాపాణికి సాటిగా తలచుట సులభము. కాని ఆ వాద్యము ఆమె చేతులలో తలక్రిందులై యున్నది. గొట్టములు జారిపోవుచున్నవి. పాదములకడ చెడిన వాద్యములు పడియున్నవి. పైన దేవదూతలు వాద్యమేదియు లేకయే పాడుచున్నారు. వివాహదినమున వాద్యములు మ్రోగుచుండగా ఆమె మనస్సులో దేవునినే కీర్తించెనని ప్రాచీన గాథ. ఆమె వినని వాద్యమే కాలక్రమమున ఆమెకు లాంఛనమైనది. రాఫేల్ దానిని జారవిడిపించి మూలార్థమును మరల నిలిపెను.

చిత్రకారుడు ఉద్దేశింపని ధ్వనిని మనము ఆరోపించుచున్నామా యను శంక కలుగవచ్చును. ఊహమాత్రముచే చెప్పినచో అది నిజమే. కాని తలక్రిందులైన వాద్యము, ఆనుకొన్న చేయి, కాడకు పూచిన కన్ను పటముపై ప్రత్యక్షముగా నున్నవి. కనుక ప్రతీకల పట్టిక సిద్ధపరచుట పరిశోధనకు ఆరంభమే గాని అంతము గాదు. వస్తువేది యను ప్రశ్నకు పిమ్మట, అది యెట్లున్నది యని అడుగవలెను. కావ్యమునందలి ప్రతీకలను పరిశీలించు మన విద్యార్థులకును ఈ నియమమే శరణ్యము.