పడకగదిలో కొండగాలి

దూరపు పరుగులు, సైకిలు పందెములలో పాల్గొనేవారు రాత్రిళ్లు ఒక ప్రత్యేకమైన గుడారంలో నిద్రించే పద్ధతి కొన్ని దేశాలలో ఉన్నది. ఆ గుడారపు గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గించి ఉంటుంది. కొండమీద పడుకున్నట్లే కనుక రక్తం వృద్ధి అవుతుందనీ, పగటి శ్రమవలన కలిగిన అలసట త్వరగా తీరుతుందనీ ప్రచారం చేసేవారు చెబుతారు. ఈ రెండు మాటలనూ కలిపి చెప్పడంలోనే చిక్కు ఉన్నది. మొదటిదానికి కొంత ఆధారం కలదు. రెండవదానికి శరీరధర్మమే ఎదురు సాక్ష్యం చెబుతున్నది.

1968లో ఒలింపిక్ క్రీడలు 2,240 మీటర్ల ఎత్తునగల మెక్సికో నగరంలో జరిగినప్పుడు శాస్త్రజ్ఞుల దృష్టి ఈ విషయంపై గట్టిగా పడింది. ఎత్తు పెరిగినకొద్దీ గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు, దాదాపు 21 శాతమే ఉంటుంది. తగ్గేది వాయుపీడనం. 2,500 మీటర్ల ఎత్తున అది సముద్రతీరంలో ఉన్నదానిలో నాలుగింట మూడు వంతులే. గుడారంలో పీడనం మారదు. నత్రజని పాలు పెంచి, ప్రాణవాయువును 15 శాతం దరిదాపులకు దించుతారు. ఊపిరితిత్తులకు రెండూ ఇంచుమించు ఒకటే. (పాక్షికపీడనపు లెక్కలు చేయించే ఉపాధ్యాయునికి ఇది మంచి ఉదాహరణ.) ఈ లోటును మూత్రపిండాలు పసిగట్టి ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో ఎముకల మూలుగలో ఎర్రకణాలు ఎక్కువగా తయారవుతాయి. దేహంలో ఇనుము చాలినంత లేకపోతే ఈ పని సాగదు.

1997లో అమెరికా పరిశోధకులు లెవైన్, స్ట్రే-గండర్సన్ ప్రకటించిన ప్రయోగం ఈ పద్ధతికి ప్రధానమైన అండ. 39 మంది పరుగుగాళ్లను వారు మూడు జట్లు చేశారు. 2,500 మీటర్ల ఎత్తున నివసించి, 1,250 మీటర్లకు దిగివచ్చి సాధన చేసిన జట్టు, నాలుగు వారాల తరువాత 5,000 మీటర్ల పరుగును సగటున 13 సెకండ్లు ముందుగా ముగించింది. ఎత్తుననే ఉండి అక్కడే సాధన చేసినవారికి ఎర్రకణాలు పెరిగినా ఆ లాభం రాలేదు. చక్కని ప్రయోగమే. కాని ఎవరెక్కడ ఉన్నదీ వారికి తెలుసు. మెరుగుపడతామన్న నమ్మకం కూడా కాళ్లకు బలం ఇవ్వగలదు.

కొండను దాచడం ఎవరి తరమూ కాదు, గదిలోని గాలిని దాచవచ్చు. 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో సీబెన్‌మన్, లుండ్‌బీ మొదలైనవారు 16 మంది సైకిలు పందెగాళ్లను నాలుగు వారాలపాటు, రోజుకు 16 గంటలు, గదులలో ఉంచారు. కొందరికి 3,000 మీటర్ల ఎత్తుకు సమానమైన గాలి, తక్కినవారికి మామూలు గాలి. ఎవరికేది అన్నది వారికీ తెలియదు, పరీక్షించినవారికీ తెలియదు. చివరకు హీమోగ్లోబిన్ రాశిలోగాని, సామర్థ్యంలోగాని చెప్పుకోదగిన తేడా కనబడలేదు. 16 మందిని చూసి పద్ధతినే కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. శిక్షితులైన అట్టివారి రక్తంలో ఎర్రకణాలు ముందే సమృద్ధిగా ఉండి, పెరగడానికి చోటు లేకపోయిందేమో అన్న వాదం తోసివేయదగినది కాదు. అయినా అక్కడ 16 గంటలు ఉన్నారు. గుడారంలో పడుకొనేది ఏడెనిమిది గంటలే!

ఇక అలసట సంగతి. ప్రాణవాయువు తక్కువైనచోట నిద్రపోయేవాని ఊపిరి క్రమం తప్పుతుంది. కొన్ని శ్వాసలు వేగంగా, లోతుగా నడుస్తాయి, కొన్ని సెకండ్లు ఊపిరి ఆగుతుంది, మళ్లీ వేగం. వేగంగా ఊపిరి తీయడంవలన బొగ్గుపులుసు వాయువు అధికంగా బయటికి పోతుంది. శ్వాసను నడిపే మెదడు భాగం ముఖ్యంగా ఆ వాయువు మట్టాన్నిబట్టే పనిచేస్తుంది గనుక, మట్టం పడిపోగానే ఊరకుంటుంది. మధ్యమధ్య మెలకువ వస్తుంది, గాఢనిద్ర తగ్గుతుంది, గుండె వేగం పెరుగుతుంది. పెరుగుదల హార్మోను ఎక్కువగా స్రవించేది గాఢనిద్రలోనే. 2,000 మీటర్లకు సమానమైన గాలిలో ఈ ఇబ్బంది కొద్దిపాటిదే. 3,000 దాటితే హెచ్చు. కాని ఎర్రకణాలు పెరగాలంటే అంత తక్కువ ఎత్తు చాలకపోవచ్చు. అలసట తీరుతుందనేవారు చూపవలసినది ఎర్రకణాల లెక్క కాదు. గుడారంలో పడుకొన్నవాడు ఎంతసేపు గాఢంగా నిద్రించాడో, మరునాటి సాధనలో ఎట్లా ఉన్నాడో చూపాలి, అదికూడా అతనికి తెలియకుండా గాలి మార్చి.