జనన గాథలో ఎనిమిదవ దినం

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టించుకున్నవాడు ఆఖరున పెయింటరు దగ్గరకు వెళ్తాడు. ఒక బండి నుదుట 786, పక్క బండికి శిలువ, మూడోదానికి వేంకటేశ్వరుని నామాలు. మూడింటినీ ఒకే కుంచె రాస్తుంది. డిసెంబరు వస్తే షెడ్ల మీద కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. చర్చీల ముందు గడ్డితో పశువుల పాక కడతారు. అందులో శిశువు, తల్లి, గొల్లలు, తూర్పుదేశపు జ్ఞానులు ఉంటారు. పక్క షెడ్డువారు పంచిన కేకు తింటూ ముస్లిం మెకానిక్కూ ఆ కథ వింటాడు. అయితే ఆ కథ జరిగిన ఇల్లు ఎవరిదన్న ప్రశ్న ఇటు ముస్లిములకు గానీ అటు క్రైస్తవులకు గానీ సాధారణంగా తోచదు.

అది యూదుల ఇల్లు. మత్తయి సువార్తలో యోసేపు కలలు కంటాడు, ఈజిప్టుకు వెళ్తాడు. తౌరాతు ఎరిగిన శ్రోతకు ఇది విన్న పేరే, విన్న కథే. హేరోదు పసిబిడ్డలను చంపిస్తాడు. శ్రోతకు ఫిరౌను గుర్తుకు వస్తాడు. బిడ్డ ఈజిప్టు నుండి తిరిగి వచ్చినప్పుడు మత్తయి ఉదహరించేది హోషేయ ప్రవక్త మాట. ఆ మాట హోషేయ గ్రంథంలో ఇశ్రాయేలు జాతిని గురించినది. లూకా మరో దారి పట్టాడు. అతని కథ దేవాలయంలో ధూపం వేస్తున్న యాజకుడు జకర్యాతో మొదలవుతుంది. మరియ పాడిన పాట సమూయేలు తల్లి హన్నా పాటను అడుగడుగునా తలపిస్తుంది. బాలింత శుద్ధి కోసం మరియ దంపతులు దేవాలయానికి వెళ్ళినప్పుడు లూకా పేర్కొన్న బలి రెండు పక్షులు. గొర్రెపిల్లను తేలేని బీదరాలికి లేవీయకాండం 12వ అధ్యాయం ఇచ్చిన వెసులుబాటు అది. పశువుల తొట్టి కంటే ఈ రెండు పక్షులే ఆ కుటుంబం పేదరికాన్ని ఖచ్చితంగా చెబుతాయి. కాని గడ్డి పాకలో వాటికి చోటు లేదు!

ఎనిమిదవ దినానికీ అక్కడ చోటు లేదు. లూకా 2వ అధ్యాయం 21వ వచనం ప్రకారం ఎనిమిదవ రోజున శిశువుకు సున్నతి జరిగింది, పేరు పెట్టబడింది. ఇది హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) సంతతి ఆచారం. ఈ వచనంలో తెలుగు బైబిలు వాడిన మాటను పాఠకులు గమనించాలి. 1854లో సంపూర్ణ బైబిలు తెలుగులో వచ్చింది. తౌరాతుకు 'ధర్మశాస్త్రము', కోహెనుకు 'యాజకుడు', బేత్లెహేములోని విడిదికి 'సత్రము' అని తెలుగు బైబిలులో కనిపిస్తాయి. అన్నీ సంస్కృతం ఇచ్చిన మాటలే. ఈ ఒక్క క్రియకు మాత్రం 'సున్నతి' అని ఉంది. అది అరబ్బీ 'సున్నత్', తెలుగు ముస్లిముల ఇళ్ళలో నానిన మాట. క్రీస్తు జనన గాథలోని అతి యూదు ఘట్టం తెలుగువారికి ముస్లిముల మాటలో అందింది. ఇంతకన్న బలమైన సాక్ష్యం అనువాదంలో అరుదు.

1841లో మచిలీపట్నం చేరిన ఆంగ్లికన్ మిషనరీల ప్రార్థన గ్రంథంలో జనవరి 1 క్రీస్తు సున్నతి పండుగ. డిసెంబరు 25 నుండి లెక్కిస్తే ఎనిమిదో రోజు అది. రోమన్ కాథలిక్ పంచాంగం 1969 సవరణలో ఆ దినాన్ని దేవమాత మరియ పండుగ చేసింది. నేడు డెల్టాలో డిసెంబరు 31 అర్ధరాత్రి ప్రార్థనలకు చర్చీలు నిండుతాయి గాని, అందరి నోటా వినిపించేది కొత్త సంవత్సరమే.

యూదు మూలం పుస్తకాల మాటగానే మిగిలిందని కూడా అనలేము. కృష్ణ దాటితే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, పూర్వం బాప్టిస్టులైన కొన్ని తెలుగు కుటుంబాలు 1980ల చివరి నుండి యూదు ఆచారాలు పాటిస్తున్నాయి. తాము ఎఫ్రాయిము గోత్రీకులమని వారి వాదం. ఆ వాదం చరిత్రకు నిలుస్తుందా అన్నది వేరే సంగతి. బైబిలు చదివినవారే ఆ మూలం వెతుక్కుంటూ పోయారన్నది మాత్రం వాస్తవం.

ఇక ముస్లిం వాదప్రియుల సంగతి. యెషయా 7:14లో తెలుగు బైబిలు 'కన్యక' అంటుంది. హీబ్రూ మాట 'అల్మా'. దానికి యువతి అని అర్థం. సందర్భం ఆహాజు రాజు కాలం. ఇంతవరకు సరే. దీన్ని పట్టుకొని కన్యాజననమే అనువాదపు పొరపాటు నుండి పుట్టిందని టీ బంకు దగ్గర క్రైస్తవుణ్ణి గేలి చేయబూనే ముస్లిం తాను కూర్చున్న కొమ్మను నరుక్కుంటున్నాడు. హజ్రత్ మర్యమ్‌ను ఏ పురుషుడూ తాకలేదని దివ్య ఖుర్ఆన్ స్వయంగా చెబుతోంది (3:47, 19:20). ముస్లిం విశ్వాసానికి ఆధారం ఆ వచనాలే. యెషయా మాట ఎటు తేలినా దానికి లోటు లేదు. పైగా, 'అల్మా'ను గ్రీకులో 'పార్థెనోస్' అని మార్చినవారు క్రైస్తవులు కారు. క్రీస్తుకు పూర్వమే తమ గ్రంథాలను గ్రీకు చేసుకున్న యూదులే ఆ మాట వాడారు. ఎరువు తెచ్చుకున్న వాదాలతో వచ్చే చిక్కు ఇదే.

ఖుర్ఆన్ కథనంలో సత్రం లేదు, జ్ఞానులు లేరు, హేరోదు లేడు. ప్రసవవేదనతో ఖర్జూర చెట్టు మొదలుకు చేరిన ఒంటరి తల్లి ఉన్నది. అయినా యూదు ఇల్లు చెక్కుచెదరలేదు. ఇమ్రాన్ కుటుంబం, గర్భంలోని బిడ్డను దైవసేవకు అర్పించిన తల్లి మొక్కు, మిహ్రాబు, జకరియ్యా సంరక్షణ, సంరక్షకుని నిర్ణయించేందుకు కలాలు వేయడం అన్నీ ఆలె ఇమ్రాన్ సూరాలో ఉన్నాయి. లూకాలో జకర్యా ధూపం వంతు కూడా చీటీతోనే వచ్చింది.

మర్యమ్ సూరాలో జనులు ఆమెను 'హారూన్ సోదరీ' అని పిలవడాన్ని కాలదోషంగా చూపే విమర్శకులున్నారు. లూకా మొదటి అధ్యాయమే మరియ బంధువైన ఎలీసబెతును అహరోను వంశస్థురాలని పేర్కొన్నదని వారు గుర్తించరు. ఈ అభ్యంతరం కొత్తది కూడా కాదు. నజ్రాను క్రైస్తవులు ఇదే ప్రశ్న వేశారనీ, హజ్రత్ ముగీరా దాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముందు పెట్టారనీ సహీహ్ ముస్లింలో ఉంది. ఆ జనులు తమ పూర్వపు ప్రవక్తల, పుణ్యాత్ముల పేర్లు పెట్టుకొనేవారని ఆయన సమాధానం. డెల్టాలో ఒకే వీధిలో మరియమ్మ, మర్యంబీ కనిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు కదా.