పన్నెండేండ్ల యేసు, పదమూడేండ్ల ఏశావు: 'బార్ మిట్స్వా' వ్యాఖ్యానముపై ఒక పరిశీలన

లూకా 2:41-52 మీద మన ప్రసంగములలో తరచుగా వినబడే మాట ఒకటున్నది: బాలుడైన యేసు యెరూషలేములో 'బార్ మిట్స్వా' జరుపుకొన్నాడని. వినుటకు ఇంపుగా ఉన్న ఈ వ్యాఖ్యానమును మేము అంగీకరింపలేము. లూకా చెప్పిన పండుగ పస్కా. చెప్పిన వయస్సు పన్నెండు. బార్ మిట్స్వా, అనగా ఆజ్ఞలకు బద్ధుడైనవాడు, పదమూడేండ్లు నిండినవాడు. బాలుడు సమాజమందిరములో తోరా చదువుటకు పిలువబడుట, ఆపై విందు, ఇవన్నీ ఆ పేరుతో రూపుదిద్దుకొన్నది మధ్యయుగపు ఐరోపా యూదుల మధ్య.

అయితే పన్నెండును కొట్టివేయనక్కరలేదు. సుమారు క్రీ.శ. 200లో కూర్చబడిన మిష్నాలో, ప్రాయశ్చిత్త దినపు ఉపవాసమును పిల్లలకు ఒకటి రెండేండ్లు ముందుగా అలవాటు చేయవలెనని ఉన్నది (యోమా 8:4). పన్నెండు దాటిన బాలుని మ్రొక్కుబడిని విచారించి చూడవలెను. పదమూడు దాటినచో అది చెల్లును. బాలికకు ఈ రెండూ ఒక్కొక్క ఏడు ముందే (నిద్దా 5:6). క్రీ.శ. 70లో దేవాలయము కూలిన తరువాతి కూర్పును నజరేతు ఇంటిపై మోపరాదు గాని, ఈ వరుసలో పన్నెండవ ఏడు పట్టాభిషేకము కాదు, శిక్షణ కాలము. బోధకుల మధ్య కూర్చుండి వినుచు, ప్రశ్నించుచున్న బాలునికి ఇదే దగ్గరగా ఉన్నది.

ఇంతకంటె విలువైనది తండ్రి పలికే ఆశీర్వచనము. వీని విషయమైన శిక్షాభారమునుండి నన్ను విడిపించినవాడు స్తుతింపబడునుగాక అని దాని భావము. మన చెవికి ఇది కటువుగానే ఉండును. బిడ్డను దీవింపక, తాను తప్పించుకొన్నట్లు తండ్రి దేవుని స్తుతించుటేమి? దాని మూలస్థానము చూడవలెను. ఆదికాండము 25:27 మీద బెరేషీత్ రబ్బా వ్యాఖ్యానములో యాకోబు, ఏశావులిద్దరూ పదమూడేండ్లు ఒకే బడికి పోయిరి. తరువాత ఒకడు విద్యాలయమునకు, ఒకడు విగ్రహాలయములకు. అక్కడనే రబ్బీ ఎలియాజరు ఈ ఆశీర్వచనమును నేర్పుచున్నాడు. అనగా అది విజయగీతము కాదు. ఏశావు తండ్రి కూడ పలుకవలసిన మాట.

ఇది తాల్మూదులో లేనందున, దేవుని నామము, రాజరికము పేర్కొనకుండ పలుకుట మేలని 16వ శతాబ్దపు పోలెండు రబ్బీ మోషే ఇస్సెర్లెస్ వ్రాసెను. ఆ జంకు మాకు నచ్చినది.

మన కన్ఫర్మేషన్ తరగతులలో యేసు బార్ మిట్స్వా ఉదాహరణముగా వాడబడి, ఇక బిడ్డ బాధ్యత తీరినదన్న భావము తలిదండ్రులలో నాటబడుచున్నది. ఆ ఆశీర్వచనము తీర్చినది బిడ్డ తప్పులకు తండ్రి చెప్పవలసిన జవాబును. ప్రేమను, వెదకుటను కాదు. మరియ, యోసేపులు మూడు దినములు వెదకిరి. తన తండ్రి పనిని ఎరిగిన కుమారుడే వారితో నజరేతుకు దిగివెళ్ళి, వారికి లోబడెను. 51వ వచనమును చదువక ప్రసంగము ముగించుట లూకాను సగములో ఆపుట.