ప్రోగ్రాముల గ్రంథాలయం: బీరువాలో ఏమి దాచాలి?

మీరు ఖరగ్‌పూర్‌లోని మలంచాలో ఉంటున్నారనుకోండి. ఆ రైల్వే పట్టణంలో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. వేసవి సెలవులకు విజయవాడ వెళ్ళడానికి బెర్తు దొరికింది. మరి తిరిగి రావడానికో? మన రైల్వేలో కంప్యూటర్ రిజర్వేషన్ 1985లో ఢిల్లీలో మొదలై ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదులకు విస్తరించింది. కాని చాలాకాలం ఏ కేంద్రం లెక్క ఆ కేంద్రానిదే. రైల్వే వారి 'క్రిస్' సంస్థ తయారుచేసిన 'కన్సర్ట్' సాఫ్ట్‌వేర్ 1994లో మొదట సికింద్రాబాదులో అమలయింది. 1999 నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి.

ఇంత పెద్ద వ్యవస్థలో ఛార్జీ లెక్క, రాయితీ లెక్క, తేదీ సరిచూడడం వంటి చిన్న పనులు వందల చోట్ల అవసరమవుతాయి. ప్రతిచోటా ఆ ప్రోగ్రామును మళ్ళీ రాస్తే, నియమం మారిన రోజున అన్నిచోట్లా దిద్దాలి. ఒక్కచోట మరచిపోయినా కౌంటరుకో ఛార్జీ వస్తుంది! అందుకే పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి చిన్న స్క్రిప్టులను ఒక కేంద్ర గ్రంథాలయంలో ఉంచి, కావలసినప్పుడు పేరు పెట్టి పిలుస్తారు.

ఈ ఆలోచన కొత్తది కాదు. కేంబ్రిడ్జిలో 1949లో పనిచేయడం మొదలుపెట్టిన ఎడ్‌శాక్ కంప్యూటరుకు నిజంగానే ఒక బీరువా ఉండేది. అందులో రంధ్రాలు చేసిన కాగితపు టేపుల మీద ఉపప్రోగ్రాములు ఉండేవి. 1951 నాటికి వాటి సంఖ్య 87. విల్క్స్, వీలర్, గిల్ ఆ ఏడాదే వాటిని వివరిస్తూ ఒక పుస్తకం ప్రచురించారు. నా దృష్టిలో బీరువా కంటే ఆ పుస్తకమే గొప్పది. ఏ ఉపప్రోగ్రాము ఏం చేస్తుందో, ఎలా వాడాలో అది చెప్పింది.

నేటి పాఠ్యపుస్తకాలు మాత్రం 'ఒకసారి రాయండి, పదేపదే వాడండి' అని చెప్పి ఊరుకుంటాయి. నా అభ్యంతరం ఇక్కడే.

1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్టు తొలి ప్రయాణంలోనే, ఇంజను మండిన 40 సెకన్లలోపు దారితప్పి ముక్కలయింది. దాని దిశను కొలిచే ప్రోగ్రాము ఏరియాన్-4 నుంచి తెచ్చినది. అక్కడ అది చక్కగా పనిచేసింది. అడ్డు వేగానికి సంబంధించిన ఒక విలువను అది 16 బిట్ల పూర్ణాంకంగా మార్చేది. అలాంటి పూర్ణాంకంలో 32,767 కంటే పెద్ద సంఖ్య పట్టదు. ఏరియాన్-5 ప్రయాణం తొలి దశలో ఏరియాన్-4 కంటే ఎక్కువ అడ్డు వేగంతో వెళ్ళింది. సంఖ్య పట్టక పరికరం ఆగిపోయింది. మరి అదనపు పరికరం? అందులోనూ అదే ప్రోగ్రాము. అది అంతకు ముందే ఆగింది! పైగా ఆ లెక్కతో, రాకెట్టు లేచాక, ఏరియాన్-5కు పనే లేదు.

ఆ విలువకు రక్షణ అక్కర్లేదని నిపుణులు కావాలనే, ఏరియాన్-4కు సరిపోయే కారణంతోనే నిర్ణయించారు. కాని ఆ కారణం ప్రోగ్రాములో ఎక్కడా రాసి లేదని విచారణ సంఘం తేల్చింది. ప్రోగ్రాము దాచారు గాని, దాని షరతును దాచలేదన్నమాట.

కేంద్రంగా ఉంచడంలో మరో చిక్కు ఉంది. 2016 మార్చిలో 'లెఫ్ట్‌ప్యాడ్' అనే 11 పంక్తుల స్క్రిప్టును దాని రచయిత ఉమ్మడి భాండాగారం నుంచి తీసివేయగా, దానిమీద ఆధారపడిన వేలాది ప్రోగ్రాముల తయారీ కొన్ని గంటలు నిలిచిపోయింది. మాట ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. ఆ పదకొండు పంక్తులు మీరే రాసుకోలేరా?

మీ కళాశాల ప్రయోగశాలలో సీనియర్లు వదిలివెళ్ళిన ప్రోగ్రాములు ఉంటాయి. ఒకటి తెరిచి చూడండి: ఎంత పెద్ద సంఖ్య వరకు పనిచేస్తుందో, ఎవరు ఎప్పుడు మార్చారో అందులో రాసి ఉందా?