క్యూబెక్కు నవలలు రెండు: పరాయివాడెవడు?

కెనడా దేశమున ఫ్రెంచివారు నెలకొన్న క్యూబెక్కు రాష్ట్రము 1980, 1995 సంవత్సరములందు రెండుమార్లు స్వాతంత్ర్యవిషయమై ప్రజల యభిప్రాయమును గోరెను. ఆ కోరికకు రాజకీయపక్షములకంటె ముందుగా రూపము గల్పించినది యచ్చటి సాహిత్యము. 1837-38 నాటి తిరుగుబాట్ల పిమ్మట విచారణకై ఇంగ్లాండునుండి వచ్చిన డరమ్ ప్రభువు, ఈ జనులకు చరిత్రయు సాహిత్యమును లేవని 1839 లో తన నివేదికయందు వ్రాసెను. నోటరీ విద్య నేర్చిన గార్నో యనునాతడు 1845 మొదలు ప్రకటించిన కెనడా చరిత్రము ఆ నిందకు బదులని యెంచుట వాడుక.

ఆ జాతివారిని గూర్చిన నవలలలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది ‘మరియా షప్‌డెలేన్’. దీనిని రచించిన లూయీ ఎమోన్ ఆ దేశమువాడు కాకుండుట వింత. ఆతడు ఫ్రాన్సులోని బ్రెస్టు పట్టణమున జన్మించి, 1911 లో కెనడా చేరి, పెరిబోంకా గ్రామమున కొన్ని నెలలు సేద్యపుపనులు చేసి, 1913 లో రైలు తగిలి మరణించెను. గ్రంథము 1914 లో పారిసు పత్రికయందును, 1916 లో మాంట్రియలు నగరమున పుస్తకరూపమునను వెలువడెను.

కథ స్వల్పము. అడవి నఱకి పొలము చేయు నొక యింటి కూతురు మరియా. ఆమె వలచినవాడు మంచుతుపానులో దారి తప్పి చనిపోవును. పిదప అమెరికా పట్టణమునకు రమ్మని యొకడును, పొరుగు రైతొకడును ఆమెను గోరుదురు. తల్లి మరణించిన రాత్రి ఆమెకు క్యూబెక్కు గడ్డయే పలికినట్లు తోచును: పరాయివారు వచ్చి ధనాధికారములను గైకొనిరి, తనవారు మాత్రము మాఱలేదని దాని తాత్పర్యము. మరియా పొరుగు రైతునే వరించును. దీనిని గ్రామజీవనస్తోత్రముగా మాత్రమే చదివినవారు పలువురు. అట్టివారు మోడులు పెఱుకు శ్రమను, తల్లి చావును, ఆ యంగీకారములోని చేదును లెక్కింపరైరి.

1937 లో ఫెలిక్స్ ఆంత్వాన్ సవార్ అను మతగురువు ‘దుంగల పెద్ద మెనో’ యను నర్థము గల నవలను ప్రకటించెను. మెనో వసంతకాలమున నదిలో దుంగలను నడపు పనివాండ్రకు పెద్ద. ఎమోన్ నవలలోని యా పలుకులనే అతని కూతురు చదివి వినిపించుచుండగా గ్రంథము ప్రారంభమగును. మరియాకు ఓర్పు నేర్పిన మాటలే యీ వృద్ధునికి కోపము రగిల్చినవి! కొడుకు దుంగలనడుమ మునిగి చనిపోవును. కొండలు పరాయివారి పాలగుచున్నవి. వానిని నిలుపుకొనవలెనని మంచులోనికి బోయిన మెనో తుదకు మతి తప్పును. సవార్ వచనమున ఉపమల భారము హెచ్చు. పామరుడు ఒక్కొక్కచో పురాణవక్తవలె మాటలాడును. కవియే పలుమార్లు దిద్దినను ఆ గుణము పూర్తిగా పోలేదు. ఐనను నాయకునికి విజయము గాక ఉన్మాదము నొసగుటలో నాతని చూపు నిశితమైనది. ఈ గ్రంథమును స్వాతంత్ర్యప్రబోధముగా నెత్తుకొనువారు తుది ప్రకరణములను మరల చదువవలసియున్నది.

ఇంతకు, ఆ పలుకులలోని పరాయివాడెవడు? ఉభయ నవలలయందును ‘మనము’ అనగా నొకే వంశము, ఒకే మతము. పెరిబోంకా యను పేరే ఇన్నూ జాతివారిది; ఫ్రెంచివారికి బూర్వమునుండి యచ్చట నున్న వారిని ఆ ‘మనము’ లెక్కింపదు. 1977 నాటి ఫ్రెంచి భాషాశాసనముతో, వంశమునకు మాఱుగా భాష జాతిలక్షణముగా నిలిచెను. భాష నేర్వదగినది, వంశము కాదు. కాని పాతభావము తొలగలేదు. 1995 లో వలదన్నవారు నూటికి 50.58, కావలెనన్నవారు 49.42, వ్యత్యాసము 55 వేల లోపు. ఆ రాత్రియే రాష్ట్రప్రధాని జాక్ పారిజో ఓటమికి కారణము ధనమును ఇతరజాతుల ఓట్లునని పలికెను. ఎమోన్ వ్రాసిన గడ్డపలుకే మరల వినబడినట్లు తోచినచో తప్పులేదు.

ఈ విషయమున విమర్శకులు మఱచుచున్న సంగతి యొకటి కలదు. ఆ పలుకును వ్రాసినవాడే వలసవాడు. సైగాను నగరమున జన్మించి, శరణార్థిగా క్యూబెక్కు చేరిన కిమ్ తూయీ 2009 లో ఫ్రెంచిలో తన తొలి నవలను ప్రకటించెను. ఎమోన్‌ను క్యూబెక్కు సాహిత్యమున జేర్చుకొన్నవారు ఆమెను చేర్చుకొనకుండుటకు హేతువు చూపజాలరు. ఆ నవల పేరు ‘రు’. ఆ మాటకు ఫ్రెంచిలో సెలయేఱనియు, వియత్నామీయమున జోలపాటయనియు నర్థము.