కథకు ఊ కొట్టేవాళ్లు

దీపావళి వెళ్లిన దగ్గర్నుంచి హోలీ దాకా చంద్రపూర్ జిల్లా పల్లెల్లో రాత్రిళ్లకు నిద్ర ఉండదు. అది ఝాడీపట్టీ నాటకాల కాలం. ఝాడీ అంటే అడవి. చంద్రపూర్, గడ్చిరోలీ, భండారా, గోందియా జిల్లాల అడవిపట్టు ఊళ్లకు వడసా నుంచి నాటక మండళ్లు బయల్దేరతాయి. రాత్రి ఏ పదింటికో మొదలైన నాటకం కోడి కూసేదాకా నడుస్తుంది. ఈ రంగస్థలం మీదే బతుకు గడిపిన పరశురామ్ ఖుణేకు 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు బయటివాళ్లు కాస్త ఇటు తిరిగి చూశారు గానీ, ఇక్కడి జనానికి ఆ గుర్తింపుతో పనిలేదు. బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టూ, బొగ్గు గనుల చుట్టూ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలవాళ్లు కూడా దుప్పట్లు కప్పుకుని వచ్చి కూర్చుంటారు.

ఆ డేరాలో నేను వేదికను ఎంతసేపు చూస్తానో పక్కవాళ్లనూ అంతసేపు చూస్తాను. కోడల్ని కొట్టే అత్తను ముందు వరసలో ముసలమ్మ నోరారా తిడుతుంది. అప్పులవాడు గడప తొక్కగానే వెనక ఎవరో నిట్టూరుస్తారు. కథ చెప్పేవాడికి ఊ కొట్టేవాడు ఉండాలని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. బుర్రకథలో ఆ పనికి ఏకంగా ఇద్దరు వంతల్నే పెట్టుకున్నాం.

స్వలింగ ప్రేమ గురించి, ట్రాన్స్ మనుషుల బతుకుల గురించి మన దేశంలో వచ్చిన నాటకాల్నీ సినిమాల్నీ ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోతే నా చూపు ఈ ఊ కొట్టేవాడి దగ్గరే ఆగింది. ప్రేక్షకుడు వినడానికి ఇంకా సిద్ధపడని కథ అది. అందుకని రచయిత ప్రేక్షకుడి కన్నా ఒక అడుగు ముందున్న మనిషినొకణ్ని మధ్యలో నిలబెడతాడు. ఎవర్ని నిలబెట్టాడు, గడపకు ఎటువైపు నిలబెట్టాడు అన్న దగ్గరే ఆ రచయిత చెయ్యి తెలిసిపోతుంది.

ఈ పనితనానికి నేను పదేపదే వెళ్లి చూసే స్క్రిప్టు ‘అలీగఢ్’. రాసింది అపూర్వ అస్రాణీ, తీసింది హన్సల్ మెహతా. 2015 అక్టోబరులో బూసాన్ చిత్రోత్సవంలో మొదటిసారి చూపించారు, 2016 ఫిబ్రవరి 26న మన దగ్గర విడుదలైంది. పేరు ఉత్తరాది ఊరిదే గానీ కథానాయకుడు మా విదర్భ మనిషి. ప్రొఫెసర్ రామచంద్ర సిరాస్ నాగపూర్‌వాడు. చంద్రపూర్‌కు నూట యాభై కిలోమీటర్లు. 1988 నుంచి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో మరాఠీ చెప్పాడు. ‘పాయాఖాలచీ హిరవళ్’ అన్న ఆయన కవితల పుస్తకానికి మహారాష్ట్ర సాహిత్య పరిషత్తు బహుమతి వచ్చింది. ‘కాళ్ల కింది పచ్చిక’ అని దాని అర్థం.

2010 ఫిబ్రవరి 8 రాత్రి ఇద్దరు ఆయన ఇంట్లోకి చొరబడి, ఒక రిక్షా తొక్కే మనిషితో ఉండగా వీడియో తీశారు. మర్నాడే సస్పెన్షన్. అంతకు ఏడు నెలల ముందే, 2009 జులై 2న, ఢిల్లీ హైకోర్టు ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. కాబట్టి పోలీసు కేసుకు తావులేదు, విశ్వవిద్యాలయం ‘దుష్ప్రవర్తన’ అన్నమాట పట్టుకుంది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టులో ఆయన గెలిచాడు. ఏప్రిల్ 7న అద్దె గదిలో చనిపోయి కనిపించాడు. సస్పెన్షన్ ఎత్తేసిన కాగితం ఆ మర్నాడు ఆఫీసుకు చేరింది.

పేపర్లో ఇంత కథా వచ్చాక స్క్రిప్టు రచయితకు మిగిలిందేమిటి? ఈశానీ బెనర్జీ అనే కొత్త రచయిత్రి ఈ కథ చెయ్యమని మెహతాకు ఈమెయిల్ పంపిందని చెబుతారు, సినిమాలో కథ ఆమె పేరు మీదే ఉంది. ఆ ముడిసరుకును అస్రాణీ ఎక్కడ కోశాడో, ఎక్కడ కొయ్యకుండా వదిలేశాడో చూడాలి.

మొదటి దృశ్యం తీసుకోండి. చలికాలపు రాత్రి, మంచు, సైకిల్ రిక్షా దిగి ఇంట్లోకి వెళ్లే పెద్దాయన. కెమెరా వీధిలోనే ఉండిపోతుంది. గదిలో దీపం వెలగడం, ఆరడం బయటి నుంచే చూస్తాం. తర్వాత ఇద్దరు మెట్లెక్కుతారు. ఈ దృశ్యంలో మనం ఉన్న చోటు ఇరుగుపొరుగు నిలబడే చోటు. లోపల ఏం జరుగుతోందో చూడాలనే ఆ కాస్త కుతూహలం మనలోనూ పుట్టించి, దాన్ని తీర్చకుండా రచయిత ముందుకు వెళ్లిపోతాడు. ఆ రాత్రి సినిమాలో మళ్లీ ముక్కలు ముక్కలుగా వస్తుంది, వచ్చినప్పుడల్లా గదిలోకి కొంచెం దగ్గరగా. చివరికి లోపలికి వెళ్లేసరికి అక్కడ ఉన్నది ఒక ముసలివాడి ఒంటరితనమూ, ఒక స్నేహమూ. మొదట వీధిలో నిలబడి ఏం చూడాలనుకున్నామో గుర్తొచ్చి మనకే సిగ్గేస్తుంది. ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండానే ఈ సిగ్గు వచ్చింది, దృశ్యాల వరసలోంచి వచ్చింది.

అస్రాణీ తన సొంత బతుకు గురించి 2020లో బహిరంగంగా రాసిన ఒక మాట ఇక్కడ చెప్పాలి. కలిసి ఇల్లు అద్దెకు తీసుకోవడానికి తానూ తన సహచరుడూ పదమూడేళ్లు కజిన్లమని చెప్పుకున్నారట. పొరుగువాళ్లకు తెలియకుండా కర్టెన్లు వేసుకోమని సలహా విన్నారట. ‘అలీగఢ్’ మొదటి దృశ్యాన్ని ఆ కర్టెన్లకు లోపలివైపు బతికినవాడు రాశాడు, కెమెరాను మాత్రం బయట పెట్టించాడు.

రెండోది, ఎడిటింగ్ కూడా అతనిదే. తెలుగువాళ్లకు అతని కత్తెర కొత్త కాదు. 1998లో రామ్‌గోపాల్ వర్మ ‘సత్య’ను భానోదయతో కలిసి ఎడిట్ చేసిన ఇరవయ్యేళ్ల కుర్రాడు ఇతనే, ఇద్దరికీ ఫిల్మ్‌ఫేర్ బహుమతి వచ్చింది. ‘సత్య’ పరుగు మనకు తెలుసు. అదే చెయ్యి ‘అలీగఢ్’లో లతా మంగేష్కర్ పాట దగ్గర ఎలా ఆగిపోయిందో చూడండి. చేతిలో విస్కీ గ్లాసు, ‘అన్‌పఢ్’ సినిమాలో మదన్‌మోహన్ కట్టిన పాట, తనలో తాను పాడుకుంటూ సిరాస్ వేషంలో మనోజ్ బాజ్‌పాయీ. అంతే దృశ్యం. కథ ఒక్క అడుగూ కదలదు. వేరే ఎడిటరైతే పల్లవి అవగానే కోసేసేవాడు. రచయితే ఎడిటర్ కాబట్టి, ఇక్కడ కొయ్యకూడదని రాసుకునేటప్పుడే తెలిసినట్టుంది. కోర్టులో ఈయన గురించి ఎవరెవరో చెప్పబోయే మాటలన్నిటికీ జవాబు ఈ పాట వింటున్న ముఖంలో ముందుగానే ఉంది.

కోర్టు దృశ్యాల్లోనూ అదే పద్ధతి. వకీళ్లు నీతి, హక్కు, గోప్యత అంటూ వాదించుకుంటుంటే, ఎవరి గురించైతే ఈ గొడవంతా నడుస్తోందో ఆ మనిషి తన మరాఠీ కవితల్ని ఇంగ్లీషులోకి అనువదించుకుంటూ కూర్చుంటాడు. మధ్యలో కునుకు కూడా తీస్తాడు. నవ్వొస్తుంది. కానీ రచయిత ఒక్క దెబ్బకు రెండు పనులు చేశాడు. ఆయన్ని బాధితుడి బొమ్మ కాకుండా కాపాడాడు, కవి అని గుర్తుచేశాడు. ఆశీష్ విద్యార్థి వేసిన వకీలు ఆనంద్ గ్రోవర్ వాదన మాత్రం నాకు కొంచెం పాఠంలా అనిపిస్తుంది. సినిమా అంతా గొంతు తగ్గించి మాట్లాడి, అక్కడ బల్లగుద్దుతుంది. అయితే స్క్రిప్టు తయారైన కాలాన్నీ చూడాలి. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పును కొట్టేసింది. అంటే సిరాస్ బతికున్న రోజుల కంటే ఆయన సినిమా తీసిన రోజుల్లో చట్టం కఠినంగా ఉంది. ట్రైలర్‌కే సెన్సారు వాళ్లు ‘ఏ’ సర్టిఫికెట్ ఇచ్చారు. బల్ల గుద్దాలనిపించి ఉంటుంది.

ఇక ఊ కొట్టేవాడు. దీపు సెబాస్టియన్ అనే కుర్ర విలేకరి, వేసింది రాజ్‌కుమార్ రావ్. ఢిల్లీలో మలయాళీ. ఉర్దూ వినిపించే ఊళ్లో మరాఠీ పంతులు ఎంత పరాయివాడో, ఇతనూ తన ఊరికి అంతే దూరమైనవాడు. వార్త కోసం వచ్చి, మెల్లగా మనిషి కోసం రావడం మొదలుపెడతాడు. వాళ్లిద్దరి మధ్య సంభాషణలో ఈ స్క్రిప్టుకు గుండెకాయ లాంటి చోటు ఒకటుంది. తన భావాన్ని మూడక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి ఎలా పట్టుకుంటుందని పెద్దాయన అడుగుతాడు. కవిత్వం మాటల్లో ఉండదు, మాటల మధ్య ఖాళీల్లో ఉంటుందంటాడు. విలేకరికి మాట కావాలి, శీర్షికలో పెట్టాలి. కవికి ఖాళీ కావాలి. ఉద్యమాలు ఎంతో కష్టపడి సంపాదించుకున్న మాట అది, దాన్ని పక్కన పెడుతున్న పాత్రను ఒక గే రచయితే రాయడంలో ధైర్యం ఉంది. నినాదం దగ్గర తన మనిషిని తాకట్టు పెట్టలేదు.

మధ్యవర్తిని పెట్టే ఈ పద్ధతి మరాఠీ రంగస్థలానికి పాతదే. విజయ్ తెండూల్కర్ ‘మిత్రాచీ గోష్ట’ 1981లో వచ్చింది. మరో అమ్మాయిని ప్రేమించిన సుమిత్ర కథ అది, రోహిణీ హట్టంగడీ ఆ వేషం వేసింది. కథ మాత్రం ఆమె స్నేహితుడు బాపూ నోటి నుంచి వింటాం. బాపూ మంచివాడే, సాయం చేస్తాడు, జాలిపడతాడు, ఆమెను ప్రేమిస్తాడు కూడా. కానీ సుమిత్ర గురించి బాపూకు తెలిసినంతే మనకు తెలుస్తుంది. కిటికీ అతనిది, వెలుగు ఎంత రావాలో అతని ఇష్టం. ఆ రోజుల్లో అంతకు మించి దారి లేకపోయిందేమో. అయినా ఇవాళ చూస్తే సుమిత్ర ఒంటరిగా ఉన్న గదిలోకి ఒక్కసారైనా మనల్ని పంపి ఉంటే బాగుండుననిపిస్తుంది.

2008లో చనిపోయిన నాటక రచయిత చేతన్ దాతార్ ఆ మధ్యవర్తి కుర్చీలోకి అమ్మను తెచ్చాడు. ‘ఏక్ మాధవ్‌బాగ్’ ఒక్క నటి వేసే నాటకం. కొడుకు డైరీ తల్లి చేతికొస్తుంది, అతను అబ్బాయిల్ని ఇష్టపడతాడని ఆమెకు అందులోంచి తెలుస్తుంది. మోనా అంబేగావ్‌కర్ దీన్ని ఏళ్ల తరబడి ఆడింది. కొడుకు వేదిక మీదకు రాడు. తల్లి చదువుతుంది, ఆగుతుంది, మళ్లీ చదువుతుంది. స్నేహితుడు వింటే కథ అవుతుంది. అదే తల్లి వింటే ఆ ఇంట్లో మర్నాటి పొద్దు ఎలా తెల్లారుతుందన్న ప్రశ్న వస్తుంది. ప్రేక్షకుల్లో తల్లులుంటారని తెలిసి రాసిన నాటకం.

గజల్ ధాలీవాల్ సంగతి వేరు. ఆమె ట్రాన్స్ మహిళ, పటియాలాలో పెరిగింది. షెల్లీ చోప్రా ధర్‌తో కలిసి ఆమె రాసిన ‘ఏక్ లడ్కీ కో దేఖా తో ఐసా లగా’ 2019 ఫిబ్రవరి 1న వచ్చింది, అంటే స్వలింగ సంబంధం నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు తర్వాత. పంజాబులో మోగా అనే ఊరు, స్వీటీ అనే పిల్ల, పెళ్లి తొందర. ఇందులోనూ ఊ కొట్టేవాడు రాజ్‌కుమార్ రావే! ఈసారి సాహిల్ మీర్జా అనే నాటక రచయిత. వింటూ ఊరుకోడు, స్వీటీ కథను నాటకం కట్టి ఆ ఊరి వాళ్ల ముందే ఆడిస్తాడు. సినిమా హాల్లో మనం, తెర మీద నాటకం చూస్తున్న మోగా జనం. లేచిపోయేవాళ్లున్నారు, కళ్లు తుడుచుకునేవాళ్లున్నారు. మనం ఏ వరసలో కూర్చున్నామో మనమే చూసుకోవాలి. వేదిక మీద అద్దాల పెట్టెలో చిక్కుకున్న పిల్లను పెట్టడం కాస్త బాహాటమైన ప్రతీక. కానీ పల్లె నాటకాలు చూసి పెరిగిన నాకు అది తప్పనిపించలేదు. చివరి వరసలోని మనిషికి కూడా అందాలి కదా. నా ఫిర్యాదు ఇంకోటి. స్వీటీ ప్రేమించిన కుహూ పాత్ర మన రెజీనా కసాండ్రాది, ఆమెకు మాట్లాడే చోటే దక్కలేదు. ఊ కొట్టేవాడికి అంత చోటిచ్చాక ప్రేమికురాలికి ఏం మిగులుతుంది?

తెలుగులో ప్రశాంత్ వర్మ ‘అ!’ 2018లో ఈ మధ్యవర్తిని తీసేసి చూసింది. క్రిష్ అంటే అబ్బాయే అనుకుని వచ్చిన ప్రియురాలి తల్లిదండ్రుల ఎదురుగా నిత్యా మీనన్ కూర్చుంటుంది, పక్కన ఈషా రెబ్బా. పేరులో దాచిన చిన్న మెలిక మీద దృశ్యం నిలబడింది. సరదాగా ఉంటుంది, త్వరగా అయిపోతుంది.

నామక్కల్ దగ్గర పల్లెలో పుట్టిన ఎ. రేవతి గురించి చెప్పకపోతే ఈ మాట పూర్తవదు. ఆమె ఆత్మకథ ఇంగ్లీషులో 2010లో వచ్చింది. పి. సత్యవతి దాన్ని ‘ఒక హిజ్రా ఆత్మకథ’గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది, 2019కి సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి వచ్చింది. సత్యవతి గారి తెలుగులో ఆ పుస్తకం పైకి చదివి చూడండి, పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. తర్వాత ఆ బతుకు మీదే కట్టిన ‘వెళ్లై మొళి’ అనే ఏకపాత్రతో రేవతి తానే వేదికెక్కింది. విలేకరి లేడు, నాటక రచయిత లేడు, డైరీ చదివే తల్లి లేదు. పాత్రా, నటీ, ఆ బతుకు బతికిందీ ఒకే మనిషి. దీపం కిందికి వచ్చి ఎదురుగా కూర్చున్నవాళ్ల వైపు తిరిగి మొదలుపెడుతుంది. ఊ కొట్టాల్సింది వాళ్లే.